గండమాల మీద గవ్వల దండ

ముందుగాల మంచి ముచ్చట చెప్త, కడుపుల ఆగుతలేదు. నేను పాసైన. ఫస్ట్ క్లాసుల. మా అమ్మ దిక్కు చూడుండ్రి, మా బాపు దిక్కు చూడుండ్రి, డిగ్రీ దాకా పోయిన మొదటి మనిషిని నేనే. బాపు ఏడో తరగతిల బంద్ చేసిండు. అమ్మ సంతకం పెడ్తది, గంతే. మాదన్నపేట కూరగాయల మార్కెట్ ఎనుక సందుల మా ఇల్లు, ఇంటిని ఆనుకొనే బర్ల కొట్టం. గా కొట్టం పక్కపొంటి అర్రల కూసొని చదివి నేను ఫోటోగ్రఫీల డిగ్రీ తెచ్చుకున్న. రిజల్ట్ చూసిన పొద్దు ఒక్క దగ్గర నిలబడలేకపోయిన. ఇంట్లకు గూడ పోకుండ ముందుగాల బర్లకు చెప్పిన.

గని ఈ డిగ్రీ నా మెడ మీదికెల్లి వచ్చింది. గది చెప్పాల్నంటే శరమైతది. చెప్పకుండ ఉంటే ఇంక ఎక్కువ శరమైతుందని ఈ ఏడాదిల ఎర్కైంది. గందుకే రాస్తున్న. ఎండాకాలంల గూడ మెడకు చున్నీ చుట్టుకొని తిరిగేటోళ్లు ఎవలన్న ఉంటే, వాళ్లు చదివితే మంచిది.

పోయినేడు బోనాలప్పుడు షురూ అయింది. అమ్మ నా జడల పూలు పెడుతుంటే ఆమె వేలికి తగిలింది. ఎడమ చెవి కింద, రేగుపండంత గడ్డ. నొక్కితే నొప్పి లేదు. "ఏదో సెగ గడ్డ, పోతది" అన్నది అమ్మ. నేను గూడ గట్లనే అనుకున్న. పండుగ పనుల మర్చిపోయినం. ఇరవై దినాలకో నెలకో అద్దంల చూసుకుంటే ఒకటి మూడైనయి. పొద్దుగూకితే సన్నగ జరం. కాలేజీ మెట్లు ఎక్కుతుంటే కాళ్లు వణికేటివి. డ్రెస్సులు వదులైనయి. దోస్తులు "సన్నబడ్డవే, డైటింగా" అంటే మంచిగనే అనిపించింది, సిగ్గు లేకుండ.

వాడకట్టోళ్లు అడుగుడు షురూ చేసిండ్రు. అమ్మ అందరికి ఒక్కటే చెప్పింది. "గవదబిళ్ళలు. చిన్నప్పుడు రాలే, గిప్పుడొచ్చినయ్."

పక్కింటి ముంతాజ్ ఖాలా ఏదో లేపనం నూరి గిన్నెల పట్టుకొచ్చింది. తానే నా మెడకు రాసింది. రాసుకుంట రాసుకుంట వేళ్లు ఆపి, గడ్డలను ఒక్కొక్కటి తడిమి చూసింది. పోయేటప్పుడు వాకిట్ల అమ్మతోని మెల్లగ అన్నది, "రాణెమ్మా, గవదబిళ్ళలు గిన్ని రోజులు ఉండవు. దవాఖానకు లేకే జావ్."

"పోతం ఖాలా, పోతం" అన్నది అమ్మ. తలుపేసినంక నా దిక్కు తిరిగి, "ఇగ ఎవల ముంగట మెడ చూపియ్యకు" అన్నది.

దవాఖానకు తోలుకపోయింది మాత్రం బాపు. పొద్దుగాల పాలు పిండుడు అయినంక, బట్టలు మార్చుకొని, తల దువ్వుకొని, పెండ్లికి పోయినట్టు తయారై, అమ్మను నన్ను స్కూటర్ ఎక్కించుకున్నడు. పెద్ద దవాఖానల పొడుగు వరండా. ఇనుప బెంచీలు. సగం మంది దగ్గుతున్నరు. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది, నన్ను గూడ పెట్టుకోమన్నది. నాకేమో చూపు ఆగుతలేదు. గోడకు మనుషుల నూనె తలలు ఆని ఆని వరుసగ గుండ్రటి మరకలు పడ్డయి. ఏండ్ల సంది ఎంతమంది ఆనుకొని ఎదురుచూసిండ్రో. గవి చూస్తుంటే మస్తు అనిపించింది, ఫోటో తియ్యాలనిపించింది. గంతల ఒక పెద్దమనిషి లేచిండు. తెల్ల గడ్డం, బహదూర్‌పురాల టైలరట. "బేటీ, ఇధర్ బైఠో, పంఖా హై" అని తన జాగ నాకిచ్చి, తాను దూరం పోయి తలుపు బయట నిలబడి దగ్గిండు. నా మీద పడొద్దని. మేం పోయిన ప్రతిసారి గాయన కనబడితే మంచిగుండునని చూసేదాన్ని. ఒక్కసారే మళ్ల కనబడ్డడు. నవ్విండు.

గడ్డలకెల్లి సూదితోని కొంచెం తీసి పరీక్షకు పంపిండ్రు. తర్వాత డాక్టరమ్మ పిలిచింది. చిన్న వయసు, నాకంటే ఐదారేండ్లు పెద్దగుంటదేమో.

"టీబీ. మెడ గడ్డలది. ఆరు నెలల గోళీలు. ఒక్కరోజు గూడ తప్పొద్దు. తగ్గుతది."

అమ్మ ఏడుపు షురూ చేసింది. డాక్టరమ్మ ఆగమన్నట్టు చెయ్యి చూపెట్టి, "ఇది ఊపిరితిత్తులది కాదమ్మా, గడ్డలది. పక్కోళ్లకు అంటుకోదు. అందరు కలిసే తినుండ్రి" అన్నది. అటెంక నన్ను అడిగింది, "మీ ఇంట్ల ఏం పని చేస్తరు?"

"బర్లున్నయి మేడమ్. పాల యాపారం."

"పచ్చిపాలు తాగుతవా?"

నేను గర్వంగ చెప్పిన. "చిన్నప్పటి సంది మేడమ్. బాపు పిండంగనే నురగతోని తాగుత."

ఆమె రాసుడు ఆపింది. "అందుకే వచ్చిందని చెప్పలేను. ఎక్కువ మందికి మనుషులకెల్లే వస్తది. అయినా పాలు కాచే తాగుండ్రి. వీలైతే బర్లను ఒకసారి డాక్టర్‌కు చూపెట్టుండ్రి."

నేను బాపు మొఖం చూసిన. గా మొఖం నాకు ఎన్నడు తెల్వని మొఖం. మా ఇంటికి వాడకట్టు సగం గిన్నె పట్టుకొని వస్తది. ముంగటనే పిండి, ముంగటనే పోస్తడు బాపు. నీళ్లు కలపడని పేరు. గా పేరు మీదనే మా తిండి, నా ఫీజు, అంత. పాలోని ఇంట్ల టీబీ అని తెలిస్తే రేపటికి ఒక్క గిన్నె రాదు.

స్కూటర్ మీద వస్తుంటే మీరాలం మండి దాటినంక బాపు ఒక్క మాట అన్నడు. "బిడ్డా, ఈ ముచ్చట మన ముగ్గురి నడుమనే ఉండాలె."

గట్ల నేను మా ఇంటి గుట్టునైన.

గోళీలు దసరా ముంగట షురూ అయినయి. మొదటి దినం ఒంటికి పోతే ఎర్రగ వచ్చింది. నెత్తురనుకున్న. గోళీలిచ్చిన అక్కకు ఫోన్ చేస్తే, "గోళీల రంగే చెల్లీ, ముందే చెప్పాలె, మర్చిపోయిన, ఫికర్ చెయ్యకు" అని నవ్వింది. రెండో దినం దిక్కుమాలిన బుద్ధి పుట్టింది నాకు. బయట ఆడోళ్లు బతుకమ్మకు పూలు పేర్చుకుంటున్నరు. నేను లోపట నిలబడి, ఇది సక్కగ బంతిపువ్వు రంగు గదా అనుకుంటున్న. ఎంత మంచి రంగు అనుకుంటున్న. అనుకొని, థూ, ఏం పిల్లవే నువ్వు అని నన్ను నేనే తిట్టుకున్న.

కాలేజీల మా సర్ ఒకరున్నరు. గాయనే నాకు ఈ చూసే రోగం అంటించింది అంటే తప్పు లేదు, అసలు రోగం కంటే ముందు. రెండో ఏడు నేను పత్తర్‌గట్టి దుకాణాలు, గాజులు, పొద్దుగూకేటప్పటి పావురాలు మస్తు తీసి తీసుకపోయిన. సర్ అన్నీ చూసి, "సరితా, నువ్వు చూసింది నువ్వు తియ్యలేదు. అందరు చూసిందే మళ్ల తీసినవ్. క్యాలెండర్‌కు పోతయి" అన్నడు. క్లాసంత నవ్విండ్రు. తర్వాత తెర మీద వేరే బొమ్మలు చూపెట్టిండు. కుళ్ళిన పండ్లు, కాలిన చర్మం, శవం పాదాలు. ఒక పిల్ల నోరు మూసుకొని బయటికురికింది. సర్ లైటేసి, "అందరు తల తిప్పుకున్నరు. తిప్పుకున్నంక మళ్ల ఎందుకు చూసిండ్రు?" అని అడిగిండు. నేను మళ్ల చూసినోళ్లల్ల ఉన్న. ఎందుకు చూసిన్నో నాకు తెల్వలే.

ఇంట్ల అమ్మ నా గిలాస వేరే పెట్టింది. డాక్టరమ్మ చెప్పింది గదా అంటే, "చెప్తరు, వాళ్లకేంది" అన్నది. నా గిలాసకు గుర్తుకు నల్లదారం కట్టింది. నాతోని మాట్లాడేటప్పుడు గూడ కొట్లాటనే. తింటే ఎందుకు తక్కువ తిన్నవంటది, కక్కితే ఎందుకు ఎక్కువ తిన్నవంటది. ఒకనాడు నేను గూడ ఒర్రిన. "నేనేమన్న దొంగతనం చేసిన్నా, గిట్ల దాస్తున్నవ్?"

"దొంగతనం చేస్తే బయటికి తెస్త బిడ్డా. దీన్ని తేలేను" అన్నది. అని నా చున్నీ సవరించింది.

గోళీలు వేసుకుంటుంటేనే పెద్ద గడ్డ పగిలింది. గిట్ల గూడ అయితదట, మందు పని చేస్తలేదని కాదట. గని పగిలిన పొద్దు మాకది తెల్వదు. పసుపుపచ్చగ, తెల్లగ కారుతనే ఉండె. అమ్మ పాత ధోవతి చింపి, ఉడకబెట్టి, ఎండేసి, రోజు కట్టు మార్చేది. గప్పుడే ఆమె నోట గా మాట వచ్చింది. "గండమాల" అని. మా నాయనమ్మ బతికున్నప్పుడు కోపమొస్తే తిట్టేది, "నీ మెడకు గండమాల రాను" అని. నాకు గది తిట్టుగనే తెలుసు. రోగమని తెల్వదు.

కట్టు మారుస్తుంటే అమ్మనడిగిన. "మాల అంటే దండ గదా అమ్మా? మెడ సుట్టు దండ లెక్క వస్తదని గట్లన్నరా?"

"ఉండవే, కదలకు. దండలట" అన్నది.

నా మెడ నిజంగనే గట్లుండె. చెవి కిందికెల్లి భుజం దాకా, ముత్యాల లెక్క వరుసగ, నడుమ పగిలినది ఎర్రగ. ఎవలో పెట్టిన పేరుల అబద్ధం లేదు. గా మాట రెండు మూడు రోజులు నా నెత్తిల తిరిగింది.

దీపావళి అయినంక సదర్ వచ్చింది. సదర్ అంటే మా పాలోళ్ల పండుగ. దున్నలకు స్నానం చేయించి, నూనె పెట్టి, కొమ్ములకు రంగులేసి, మెడల గవ్వల దండలేసి, డప్పులతోని ఊరేగిస్తరు. మా దున్న రెండేండ్ల కింద సచ్చిపోయింది. దాని దండ మాత్రం కొట్టంల గోడ మేకుకు ఏలాడుతుంటది. గది నాయనమ్మ కుట్టింది. నల్ల ఉన్ని మీద గవ్వలు. అందరి దండలకు నడుమ ఇత్తడి గంట ఉంటది. మాదానికి గంట ఊడిపోతే నాయనమ్మ తన సున్నపు కాయ కుట్టింది, గా చిన్న ఇత్తడి డబ్బా.

అమ్మ బాపు ఇద్దరు ఊరేగింపు చూడ పోయిండ్రు, పోకుంటే అడుగుతరని. నేను కొట్టంలకు పోయిన. పైన రేకుకు బొక్క ఉంటది, మధ్యాహ్నం దానిలకెల్లి వెలుగు కడ్డీ లెక్క దిగుతది. కాలేజీ కెమెరా గడ్డి మోపు మీద పెట్టిన. చున్నీ తీసిన. కట్టు తీసిన. దండ తీసి ఏసుకున్న.

బరువుండె. గవ్వలు చల్లగ తగిలినయి. దున్న వాసన, పాత నూనె వాసన. బయట డప్పులు. ఫోటో దానంతటదే పడ్డంక కెమెరాల చూసుకున్న. గవ్వలేవో గడ్డలేవో ఒక పట్టాన తెలుస్తలేదు. రెండు దండలు ఒకదాని మీద ఒకటి. పగిలిన దగ్గర తడి మీద వెలుగు పడి మెరుస్తుంది. ఏడుపొచ్చింది. గది బాధతోని వచ్చింది కాదు. రోగం వచ్చిన సంది నా మెడను నేను మంచిగ చూసుకున్నది గప్పుడే.

అమ్మ తొందరగ తిరిగొచ్చింది. కొట్టం తలుపుల నిలబడి చూసింది.

"ఏందే ఇది? దున్నపోతు దండ ఆడపిల్ల మెడల? చీము కారే మెడను ఫోటో దిగుతున్నవా? నీకు పిచ్చి లేసిందా?"

"అమ్మా, ఒక్కసారి చూడు..."

"నేను రోజు చూస్తలేనా? కడుగుతలేనా? మళ్ల చూసుడేంది?"

దండ గుంజుకొని మందు నీళ్లల్ల ముంచింది. గా రాత్రి అన్నం పళ్లెం నా ముంగట పెట్టి పోయింది. నేను శరంతోని సచ్చిపోయిన. ఆమె కడిగేదాన్ని నేను సొగసు అనుకున్న. తప్పెవలదో ఇప్పటికి తెల్వదు.

చలికాలమంత గోళీలు, నిద్ర. మెల్లగ జరం పోయింది. గడ్డలు కరిగినయి. సంక్రాంతి దాటినంక అన్నం రుచి తెలిసింది. హోలీకి గోళీలు అయిపోయినయి. డాక్టరమ్మ మెడ తడిమి, "మచ్చ ఉంటది, రోగం లేదు" అన్నది. బాపు బయటికొచ్చి చెరుకు రసం తాపిండు, మూడు గిలాసలు, ముగ్గురికి ఒక్కలాంటివే. అమ్మ నా గిలాసలది మిగిలితే తాగింది. నేను చూడనట్టు నిలబడ్డ.

ఇగ చివరి పరీక్ష. మాకు పరీక్ష అంటే ఫోటోలు కాలేజీ గోడకు పెట్టి ఊరోళ్లందరికి చూపెట్టుడే. సర్‌కు నేను అన్నీ చూపెట్టిన. గోళీలకు పోయినప్పుడు తీసిన వరండా గోడ మీది నూనె మరకలు, ఉడికిన గుడ్డపేలికలు తాడు మీద, గోళీల ఖాళీ పట్టీలు, నా మెడ. గాయన శానసేపు చూసి, "ఇవి నువ్వు చూసినవి" అన్నడు. గంతే అన్నడు. నేను బాత్రూంలకు పోయి నవ్వుకున్న, ఒక్కదాన్నే, పిచ్చిదాని లెక్క.

గని ఇంటి గుట్టు ఉండె. నేను ఆలోచించి, ఫోటోను పెదవుల కిందికి కోసిన. మొఖం లేదు. ఉట్టి మెడ, దండ. కింద "గండమాల" అని రాసిన. ఎవలకు ఎర్కకాదు అనుకున్న.

మొదటిరోజే మంది దాని ముంగట గుమికూడిండ్రు. కొందరు "ఛీ" అన్నరు. ఒకాయన తన పిల్లల కండ్లు మూసి తీస్కపోయిండు. ఒకామె, తెల్ల జుట్టు, భుజానికి గుడ్డసంచి, చాలాసేపు నిలబడి నన్ను పిలిచింది.

"నువ్వేనా తీసింది? చాలా బాగుంది. ఈ మెడ ఎవరిదమ్మా?"

నా నోట్లకెల్లి ఎట్లొచ్చిందో. "దవాఖానల ఒక పేషెంట్‌ది మేడమ్."

"ఆవిడ ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది."

"చూపించావా ఆమెకి, ఇంత బాగా వచ్చిందని?"

చేతులు తెల్వకుండనే కాలర్ మీదికి పోయినయి. మచ్చ కప్పుకున్న. ఆమె చూసింది. చూసి, పక్క ఫోటో దిక్కు పోయింది. అమ్మ చెప్పిన అబద్ధాలన్నీ యాపారం కోసం, నా కోసం. నేను చెప్పింది దేనికోసం? ఇంత మందిల నా మెడను నేనే పరాయిదాన్ని చేసిన.

ఎవలో ఫోన్‌ల ఫోటో తీసి నెట్టుల పెట్టిండ్రు. రెండో దినం పొద్దుగూకి బాపు పాలు పిండుతున్నడు. నేను దాణా కలుపుతున్న. తల ఎత్తకుండనే అడిగిండు.

"బహదూర్‌పురాకెల్లి మీ చిన్నాయన ఫోన్ చేసిండు. అన్నా, మీ దండ ఫోటోల పడ్డది, గా మెడ ఎవలది అని."

చేతిల బకెట్ కింద పెట్టిన. "మొఖం కోసేసిన బాపు. ఎవలు గుర్తుపట్టరనుకున్న."

"మొఖం ఎవడు చూస్తడు బిడ్డా. మనోళ్లు దండ చూస్తరు. సున్నపు కాయ ఉన్న దండ ఈ పట్నంల ఇంకెవలికున్నది?"

నాలుగేండ్లు ఫోటోల సదువు సదివి, మా మనుషుల చూపు ఏడ పడ్తదో నాకు తెల్వకపాయె. బాపు బర్రె పొదుగు తుడిచి లేచిండు. కొడ్తడనుకున్న. కొట్టలే. "ఏం చెప్పినవ్ బాపు?" అని అడిగిన.

"నా బిడ్డది అని చెప్పిన. ఇంకేం చెప్పాలె."

అమ్మ ఇంట్లకెల్లి వింటున్నది. "అయిపోయింది" అన్నది. "దాని డిగ్రీకి మన పాలు పారబోసినం, ఇగ పండుగ చేస్కోండ్రి."

తెల్లారేసరికి ముచ్చట వాడకట్టంత పాకింది. సగం గిన్నెలు రాలే. వచ్చినోళ్లు గూడ దూరం నిలబడ్డరు. ముందుగాల మాట్లాడింది కామేశ్వరి గారు. ఆమె భర్త సర్కారు బడిల మాస్టారుగ చేసి రిటైరైండు. కోస్తాకెల్లి వచ్చి ఇక్కడనే ఇల్లు కట్టుకున్నరు. నేను చిన్నగున్నప్పటి సంది మా పాలే.

"ఏమయ్యా, పదిహేనేళ్లుగా మీ దగ్గరే పోయించుకుంటున్నాం. ఇంట్లో ఇంత జబ్బు పెట్టుకుని ఒక్క మాట చెప్పలేదే? మా ఇంట్లో పసివాళ్లున్నారు."

బాపు చేతులు తుడుచుకున్నడు. "అమ్మా, జబ్బు నా బిడ్డకొచ్చింది. గది మంచిగైంది. బర్లకు లేదు. బర్ల డాక్టర్ సాబ్ ఒక్కొక్కదానికి మెడ మీద సూదేసి, మూడు రోజులకు మళ్లొచ్చి చూసిండు. ఒక్కదానికి వాయలే. గని దాసినమాట నిజం. మీ పాలు కాచుకొనే తాగుండ్రి. ఇష్టముంటే పొయ్యమనుండ్రి, లేకుంటే లేదు."

నేను అమ్మ దిక్కు చూసిన. ఆమెకు గూడ తెల్వదు. బర్లకు పరీక్ష చేయించినట్టు బాపు మాకే చెప్పలే. తర్వాత అడిగితే అన్నడు, "మంచిగున్నయని చెప్తే, అసలెందుకు చూపెట్టినవ్ అని అడుగుతరు గదా." గన్ని నెలలు గాయన ఒక్కడే మోసిండు, మంచి ముచ్చటను గూడ దొంగ సొమ్ము లెక్క.

కామేశ్వరి గారు ఖాళీ గిన్నె తిప్పుకొని పోయింది. ఆమె ఎనుక ఇంకొందరు. వరుసల ఒకామె అమ్మను దెప్పింది, "గవదబిళ్ళలు అన్నవ్ గదనే రాణెమ్మా."

"అవ్, అబద్ధమాడిన" అన్నది అమ్మ. "నిజం చెప్తే నువ్వు మా గడప తొక్కేదానివా?"

ముంతాజ్ ఖాలా మాత్రం తన గిన్నె ముంగట పెట్టి, "భాయ్, ముఝే జ్యాదా డాలో ఆజ్, బచా హై నా" అన్నది, పాలు మిగిలినయి గదా, ఎక్కువ పొయ్యమని. వరుసల ఇద్దరు ముగ్గురు నవ్విండ్రు. గా నవ్వు మమ్మల్ని గా పొద్దు నిలబెట్టింది.

మిగిలిన పాలన్ని అమ్మ కోవా చేసింది. రోజు కోవానే. ఇల్లంత మాడిన పాల వాసన. రిజల్ట్ వచ్చిన నాడు గూడ పొయ్యి మీద కోవానే ఉండె. నేను చెప్పంగనే అమ్మ గరిటె వదిలిపెట్టి నన్ను పట్టుకున్నది. ఆమె బుగ్గ నా మెడకు, సక్కగ మచ్చ మీద ఆనింది. ఆమె తియ్యలే. అటెంక బాపు పళ్లెంల కోవా పెట్టుకొని సందంత తిరిగిండు. "నా బిడ్డ డిగ్రీ పాసైంది. ఫోటోల సదువు." కొందరు తిన్నరు. కొందరు చేతిల పట్టుకొని తర్వాత తింటమన్నరు. గోడ పక్కన పడ్డ కోవా ముక్కలను నేను చూసిన, బాపు గూడ చూసిండు. పళ్లెం ఖాళీ అయ్యేదాక ఆయన తిరుగుడు ఆపలే.

గిప్పుడు గిన్నెలు మెల్లగ మళ్లొస్తున్నయి. అందరు రాలే. రెండు బర్లను అమ్ముకున్నం. గది నా లెక్కల పడ్తది, నాకెర్కే. ఎవలకన్న మెడల గడ్డుంటే మాత్రం నేను ఒక్కటే చెప్త. దాస్తే గడ్డ పోదు. పోయి చూపెట్టుకోండ్రి. గోళీలు మానకుండ వేసుకోండ్రి. నేను బతికే ఉన్న గదా, చూడుండ్రి, గిట్ల ఆగకుండ మాట్లాడుతున్న.

మొన్న మధ్యాహ్నం కొట్టంల నేను ఒక్కదాన్నే ఉన్న. పాలు పిండే యాళ్ల కాదు. కామేశ్వరి గారు వచ్చింది. చేతిల గిన్నె లేదు.

"మీ అమ్మ లేదా?" అన్నది.

"లేదండి. పిలవమంటరా?"

"వద్దు. నీతోనే." గడప దాటి లోపటికొచ్చి తలుపు దగ్గరికేసింది. గడ్డి మోపు మీద కూసున్నది. కొంచెంసేపు బర్లను చూసింది. "కోపంగా ఉందా నా మీద?"

"లేదండి" అన్న. ఉండె. గని ఆమె కొంగు కొసను వేలికి చుట్టుకుంట, విప్పుకుంట కూసున్నది.

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆయనకీ చెప్పలేదు. ఉగాది ముందు నుంచి ఉంది. నువ్వైతే భయపడవనీ..." అని, కొంగు తీసి, రవిక చెయ్యి పైకి జరిపి, చెయ్యి ఎత్తింది.

చంక కింద, నిమ్మకాయంత. చర్మం పైన మెత్తగ ముడుతలు, లోపట గట్టిగ. రేకు బొక్కలకెల్లి వెలుగు దిగి సక్కగ దాని మీద పడ్డది. తెల్లటి చెయ్యి, పాత బంగారు గాజు, నీడ. ఎంత మంచిగుందో నాకు చెప్పరాదు. నా కన్ను ముందు గదే చూసింది, ఆమె భయం తర్వాత చూసింది. నా మొఖం కాలిపోయింది.

ఫోన్ జేబుల ఉండె. ముట్టుకోలే.

"నొస్తుందా అండి?" అని అడిగిన.

"లేదు. అదే భయంగా ఉంది."

"ఇది ఏందో నాకు తెల్వదండి. నాకొచ్చింది కాకపోవచ్చు. పొద్దున పాలు పిండుడు అయినంక ఇద్దరం దవాఖానకు పోదం. బెంచీ మీద నేను మీ పక్కనే కూసుంట."

ఆమె ఇంక చెయ్యి దించలే. ఎవలన్న మంచిగ చూడాలని శాన దినాల సంది ఎదురుచూసినట్టు అట్లనే ఎత్తి పట్టుకున్నది. నేను దగ్గరికి జరిగి చూసిన.